పోనివి నలభై ఒకటి

14 ఫిబ్రవరి 2011, సోమవారం

సాంబమూర్తి ఇవాళ మళ్లీ అన్నాడు, అదీ రెండు బ్యాచ్‌లనూ కలిపి కూర్చోబెట్టిన రోజున. "ఏమయ్యా సైదులూ, జావా పాఠం నల్లగొండ యాసలో చెప్పకు, పిల్లలకు జావా, తెలుగు రెండూ రాకుండా పోతాయి." హాస్టల్ బ్యాచ్ పిల్లలు, విజయవాడ గుంటూరుల వాళ్లు, పగలబడి నవ్వారు. మార్నింగ్ బ్యాచ్ వాళ్లు తలలు దించుకున్నారు. వాళ్లంతా సరూర్‌నగర్, ఎల్బీనగర్, హయత్‌నగర్ నుంచి వచ్చేవాళ్లు, మా వైపు పిల్లలు. నేనూ నవ్వాను. నవ్వక చేసేదేముంది? ఇన్‌స్టిట్యూట్ ఆయనది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మొదటి అంతస్తు అద్దాల పైన వెలిగే బోర్డు ఆయనది. బోర్డు మీద పేరూ ఆయనదే.

మంచివాడే. ఇంటర్వ్యూలో ఇంగ్లిష్ రాక నీళ్లు నమిలినా నాకు ఉద్యోగం ఇచ్చాడు. అదే ఒంటికి పట్టదు. పెట్టిన చేత్తోనే మొట్టుతాడు.

ఈ డైరీ కూడా ఆయన భాషలోనే రాస్తున్నాను. మాట్లాడినట్టు రాద్దామంటే చెయ్యి కదలదు. బడిలో పంతుళ్లు అలా కొట్టి నేర్పారు మరి.

16, బుధవారం

ఇవాళ్టి పాఠం చిన్నది. స్ట్రింగ్ అంటే వరసగా పేర్చిన అక్షరాలు. అందులో ఎక్కడైనా వైట్‌స్పేస్, అంటే ఖాళీ, ఉందో లేదో చెప్పే ఫంక్షన్ రాయాలి. మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒక్కోదాన్నీ పట్టుకుని నువ్వు ఖాళీవా అని అడగాలి. ఒక్కటి అవునన్నా చాలు, "ఉంది" అని చెప్పి బయటికి వచ్చేయాలి. సగం మంది స్పేస్ బార్ నొక్కితే వచ్చేదొక్కటే ఖాళీ అనుకుని రాశారు. ట్యాబ్ వదిలేశారు, ఎంటర్ వదిలేశారు. కంటికి ఆనకపోయినా అవీ అక్షరాలేనని చెప్పి, అందరిచేతా మళ్లీ రాయించాను.

అప్పుడు అరుణజ్యోతి లేచింది. మార్నింగ్ బ్యాచ్‌లో మొదటి బెంచీ పిల్ల, ఉండేది సరూర్‌నగర్, వాళ్ల నాన్న డీసీఎం వ్యాన్ నడుపుతాడు. "ఖాళీ ఉన్నదని తెలిసినంక ఏం చెయ్యాలె సార్? స్ట్రింగునే పారెయ్యాలెనా, ఖాళీ తీసేసి వాడుకోవాలెనా?"

మంచి ప్రశ్న. నాకు కోపం ఎందుకొచ్చిందో తెలియదు. సాంబమూర్తి తలుపు దగ్గర నిలబడి వింటున్నాడు, అందుకేమో. ముందు అడిగింది రాసి చావు అన్నాను. చేతిలోని డస్టర్ ఎప్పుడు వెళ్లిందో తెలియదు. ఆమె చెవి పక్కనుంచి పోయి గోడకు కొట్టుకుంది. జుట్టంతా సుద్దపొడి.

తగల్లేదు. తగలాలని విసరలేదు కూడా.

17, గురువారం

చైతన్యపురి దగ్గర ఊరేగింపు మీద లాఠీలు పడ్డాయి. నాకు వీపు మీద మూడు, మోచేతి మీద ఒకటి. పక్కనున్న ముసలాయన పడిపోతే ఆయన్ని తొక్కుకుంటూ పరుగెత్తాను. అందరూ అలాగే పరుగెత్తారు.

మట్టయ్యన్న తన దుకాణం వెనక కూర్చోబెట్టి మలాం రాశాడు. ఈయనకు కొత్తపేటలో ఇనుపసామాన్ల కొట్టు. ఈ చుట్టుపక్కల తెలంగాణ జేఏసీ అంటే ఆయనే. "దెబ్బలు లెక్కవెట్టకు తమ్మీ, నీళ్లు ఎన్ని పోతున్నయో లెక్కవెట్టు" అన్నాడు. మా ఊళ్లో ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి మా నాన్న కాళ్లు దొడ్డికాళ్లయ్యాయి. నలభై ఐదేళ్లకే మంచం పట్టుకుని లేస్తాడు. కృష్ణ మా పక్కనుంచే పోతుంది, మా కోసం మాత్రం ఆగదు. ఇది సాంబమూర్తికి చెబితే, బాధగానే ఉందయ్యా, అయినా దానికి మా అద్దాలు పగలగొట్టడం ఎందుకంటాడు.

ఆయన అద్దాలు ఇంకా ఎవరూ పగలగొట్టలేదు.

21, సోమవారం

రేపటి నుంచి రెండు రోజులు బంద్. పొద్దున సాంబమూర్తి క్లాసుకొచ్చి, మెట్ల గ్రిల్ సగం తెరిచి ఉంచుతాం, ఏడింటికి మాక్ టెస్ట్, బంద్ అని ఎగ్గొట్టిన వాళ్ల పేరు కంపెనీలకు పంపనని బెదిరించాడు. మధ్యాహ్నం మట్టయ్యన్న మనుషులు వచ్చి ఏమన్నారో, సాయంత్రానికి మెత్తబడ్డాడు. టెస్ట్ లేదు, ఎవరూ రావద్దని అందరికీ మెసేజ్ పెట్టమని నాకు చెప్పాడు. ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

మెసేజ్‌లు పంపే ప్రోగ్రాం నేనే రాశాను, మూడు నెలలైంది. రిసెప్షన్‌లో మృదుల కొట్టిపెట్టిన నంబర్ల ఫైలు చదివి, ఒక్క నొక్కుతో రెండు వందల మందికీ పంపుతుంది. నొక్కాను. పోయినవి 163, పోనివి 41 అని చూపించింది. స్విచాఫ్‌లో ఉండి ఉంటాయి. కింద మట్టయ్యన్న బండి హారన్ కొడుతున్నాడు. కంప్యూటర్ ఆపేసి దిగాను.

22, మంగళవారం

కొట్టాం.

కొత్తపేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఒక్క షాపు కూడా తెరిచే ధైర్యం చేయలేదు. మూసినవాటిని కూడా వదల్లేదు. మూడు వందల మందిమి ఉంటాం. టైర్లు తగలబెట్టాం. చీరల షోరూమ్ అద్దం పగిలినప్పుడు వచ్చిన చప్పుడుకు ఒళ్లంతా ఝల్లుమంది. ఇన్నాళ్లూ అణుచుకున్నదంతా చేతుల్లోకి దిగింది. సంతోషంగా ఉంది. ఎవరూ చదవరు కాబట్టి రాస్తున్నాను, చాలా సంతోషంగా ఉంది.

మా బోర్డు ముందుకు వచ్చేసరికి మట్టయ్యన్న చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఇది నువ్వు పనిజేసే జాగ గదా తమ్మీ. లోపట పిల్లలుంటే చెప్పు, ముందటికి పోదాం."

"ఎవ్వరు లేరన్నా. నేనే మెసేజ్ పెట్టిన" అన్నాను.

ఆ మాట కోసమే ఉన్నట్టు మొదలుపెట్టారు. నేను ఒకే ఒక్క రాయి వేశాను. బోర్డుకు తగిలింది. అందరూ ఈలలు వేశారు. పోలీసుల వ్యాన్ కనబడగానే గల్లీల్లోకి పరుగెత్తాం.

23, బుధవారం

భుజం నొప్పి. ఇవాళ వెళ్లలేదు.

సాయంత్రం మృదుల ఫోన్ చేసింది. నిన్న అరుణజ్యోతి టెస్ట్ ఉందనుకుని సరూర్‌నగర్ నుంచి నడిచి వచ్చిందట. మెట్ల గ్రిల్ ఎవరూ మూయలేదట. పైకెక్కి, తాళం చూసి, సార్లు వస్తారేమోనని అద్దాల వరండాలో నిలబడిందట. రాయి ఎడమ కంటి మీద తగిలింది. ఆపరేషన్ అయింది. కన్ను ఉంచలేదు.

మెసేజ్ రాలేదని వాళ్లమ్మ ఏడుస్తూ అంటోందట. ఫోన్ తీసి అందరికీ చూపిస్తోందట.

24, గురువారం

రాళ్లు చాలామంది వేశారు. నాది బోర్డుకే తగిలింది.

గాజుపెంకులు తొక్కుకుంటూ లోపలికి వెళ్లి కంప్యూటర్ ఆన్ చేశాను. పోని నంబర్లు నలభై ఒకటీ తీసి చూశాను. ఒక్కటీ స్విచాఫ్ కాదు. అన్నిట్లోనూ అయిదంకెల తర్వాత ఖాళీ ఉంది.

మనవాళ్లు నంబర్ అలాగే చెబుతారు, అలాగే రాస్తారు. అయిదు చెప్పి, ఊపిరి పీల్చుకుని, ఇంకో అయిదు. హాస్టల్ బ్యాచ్ వాళ్లు తమ నంబర్లు ల్యాబ్‌లో తామే కొట్టుకున్నారు. మార్నింగ్ బ్యాచ్ వాళ్లవి కాగితం ఫారాలు. ఫారం మీద ఎలా ఉంటే మృదుల అలా కొట్టింది. నా ప్రోగ్రాంలో నాలుగు లైన్ల ఫంక్షన్ ఉంది, నంబర్లో ఖాళీ ఉందా అని అడుగుతుంది. ఉంటే తప్పుడు నంబర్ అని పక్కకు తోసేస్తుంది. తీసేసి పంపు అని ఇంకో లైన్ రాస్తే సరిపోయేది. ఆ లైన్ నేను రాయలేదు. మూడు నెలల నుంచీ మార్నింగ్ బ్యాచ్ వాళ్లు మెసేజ్‌లు రావడం లేదు సార్ అంటూనే ఉన్నారు. ఇన్‌బాక్స్ నిండి ఉంటుంది, తీసేసుకోండిరా అన్నాను.

తప్పు మృదులది. చూసి కొట్టాలి కదా. ఫారాల ఫైలు ఆమె ముందు పడేసి అరిచాను. ఫైలు జారి వెళ్లి ఆమె మూతికి తగిలింది. పెదవి చిట్లింది. ఆమె చున్నీ అదుముకుని కూర్చుంది. నేను బల్ల మీదికే విసిరాను.

నలభై ఒకటిలో ముప్పై ఎనిమిది మార్నింగ్ బ్యాచ్ వాళ్లవి. మిగతా మూడూ స్టాఫ్‌వి.

26, శనివారం

ఊరంతా ఒకటే మాట. సాంబమూర్తి ఆంధ్రా పిల్లలకు మాత్రమే మెసేజ్ పంపి, మన పిల్లలను కావాలని రాళ్ల కిందికి తోలాడట. ఎవరో ఫోన్లన్నీ పోల్చి చూశారు. హాస్టల్ వాళ్లందరికీ వచ్చింది, మన వాళ్లకు రాలేదు. లెక్క చూస్తే అలాగే ఉంది. నాకే ఒక్క క్షణం నిజమేననిపించింది.

మట్టయ్యన్న దుకాణానికి పిలిపించాడు. పదిహేను మంది ఉన్నారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, వాళ్లు అడగకముందే నేను నీళ్లు అడిగి తాగాను.

"పొల్ల కన్నువాయె. జర నిజం చెప్పు తమ్మీ. ఎవలెవలికి పంపాలెనో ఆ లిస్టు ఎవలిది?"

"లిస్టు సార్ తాననే ఉంటదన్నా" అన్నాను.

అబద్ధం కాదు. ఫైలు సాంబమూర్తి కంప్యూటర్లోనే ఉంటుంది. అడిగింది లిస్టు గురించి, ప్రోగ్రాం గురించి కాదు. అడిగినదానికి జవాబు చెప్పాను.

27, ఆదివారం

పొద్దున పదింటికి మన్సూరాబాద్‌లో సాంబమూర్తి ఇంటికి వెళ్లాం. నేను వెళ్లకపోతే అనుమానం వచ్చేది.

సాంబమూర్తి లుంగీ మీద గేటు తీశాడు. నన్ను చూసి, "రావయ్యా, ఆ పిల్లకెలా ఉంది, ఆస్పత్రికి వెళ్దామంటే పోలీసులు వద్దంటున్నారు" అన్నాడు. అంతవరకే మాట్లాడగలిగాడు. మొదటి దెబ్బ చెవి మీద పడింది. కళ్లజోడు తులసికోట దగ్గర పడింది. తర్వాత వరస లేదు. వీపు, ముఖం, కడుపు. ఎవరో మోటార్ పంపు దగ్గర్నుంచి ఇనుప పైపు తెచ్చారు. మట్టయ్యన్న పైపు వద్దురా, పైపు వద్దు అని అరుస్తున్నాడు, వినేవాళ్లు ఎవరు? తల కాపాడుకోవడానికి చేతులు అడ్డం పెట్టాడు. రెండు మణికట్లూ విరిగాయి. పచ్చికట్టె విరిచినట్టు వినబడింది.

ఆయన భార్య కోటేశ్వరమ్మగారు వంటింట్లోంచి వచ్చింది. ఆవిడ మనుషులందర్నీ దాటుకుని నా దగ్గరికే వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది. "సైదులు బాబూ, నీతోనే కదయ్యా ఆయన చెప్పింది. అందరికీ పంపమన్నారా లేదా? ఆ ఒక్క మాట చెప్పు బాబూ, ఆగుతారు."

అందరూ నా వైపు చూశారు. నిజంగానే ఆగారు. పైపు పట్టుకున్నవాడు కూడా ఆగాడు.

నేను చెప్పబోయాను. ఈలోగా వెనకనుంచి ఎవడో, జీతగాడు మాలిక్ మీద చెప్తడా అన్నాడు. మళ్లీ మొదలైంది.

28, సోమవారం

నేను కొట్టలేదు. గల్లా పట్టుకున్నాను, అంతే. పట్టుకోకపోతే కింద పడేవాడు.

2 మార్చి, బుధవారం

శివరాత్రి. అన్నం ముట్టలేదు. ఉపవాసమని రూమ్‌లో వాళ్లకు చెప్పాను.

4, శుక్రవారం

సరూర్‌నగర్ వెళ్లాను. చెరువు వెనక గల్లీలో రెండు గదుల కిరాయి ఇల్లు. అరుణజ్యోతి వాళ్లమ్మ అరుణమ్మ, సారూ కూసోండ్రి అని మంచం దులిపింది. జ్యోతి గోడకానుకుని కూర్చుంది. సగం ముఖం కట్టు. నేను కుడివైపు కూర్చోబోయి, చివరికి ఎదురుగా కూర్చున్నాను.

చెప్పడానికే వెళ్లాను. చెప్పాను. నంబర్లో ఖాళీ ఉన్న సంగతి, నా ఫంక్షన్ దాన్ని తోసేసిన సంగతి. జ్యోతి మధ్యలోనే అందుకుంది. "తీసెయ్యకుంట పారేసిందన్నట్టు" అంది. అవునన్నాను. డస్టర్ గురించి ఆమె ఎత్తలేదు. ఎన్ని పోలేదో తెరమీద చూపెట్టలేదా అని అడిగింది. నేను చూడలేదన్నాను.

చూశాను. నలభై ఒకటి. స్విచాఫ్ అని ఇందులో రాసుకున్నాను కూడా. స్విచాఫ్ నంబర్ నా ప్రోగ్రాంలో పోయినవాటి కిందికే వస్తుంది. పోనివి అంటే నేను తోసేసినవేనని నాకు కాక ఇంకెవరికి తెలుసు? తెరిచి చూడటానికి అయిదు నిమిషాలు పట్టేది. కింద హారన్ కొడుతున్నాడు.

వాళ్ల నాన్న సీతారాములు గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆయనా ఉద్యమంలో తిరిగేవాడే, వ్యాన్‌కు జెండా కట్టి ఉంది. మనిషి ఎత్తరి. స్టీరింగ్ తిప్పీ తిప్పీ చేతులు రోకళ్లలా ఉన్నాయి. బుద్ధిపూర్వకంగ చేసింది గాదు గదా సారూ, మిషిని తప్పు అన్నాడు. రాయి ఏసినోడు దొరికితే మాత్రం పానంతోని ఇడువనన్నాడు. అది అరిచి చెప్పలేదు. కిరాయి ఎంతో చెప్పినట్టు చెప్పాడు.

లేచేటప్పుడు అడిగాడు. "మరి ఆ పెద్దమనిషినెందుకు కొట్టిండ్రు సారూ? మీరు చెప్పకపోతిరా?"

టీ బాగుంది. జవాబు చెప్పకుండా వచ్చేశాను.

7, సోమవారం

జ్యోతి ఫోన్ చేసి, నాయిన మిర్యాలగూడ లోడు మీద పోయిండు, ఇప్పుడు రాండ్రి సార్ అంది. మధ్యాహ్నం వెళ్లాను. అరుణమ్మ నీళ్లకు నల్లా దగ్గర ఉంది. జ్యోతి మంచం మీద కాకుండా కుర్చీలో కూర్చుని ఉంది. నన్ను కూర్చోమనలేదు.

"కిటికీ నేనే తీసిన సార్. లొల్లి ఇనబడ్డది, భయమైంది. మందిల మీరు కనబడ్డరు. హమ్మయ్య, మా సార్ ఉన్నడనుకున్న. అద్దం జరిపి చెయ్యి ఊపిన. మీరు నా దిక్కే చూసిండ్రు. చూసినంకనే ఇసిరిండ్రు."

తలుపు పట్టుకున్నాను.

మొన్ననే ఎందుకు చెప్పలేదని అడిగాను. ఇంత తెలివితక్కువ ప్రశ్న నేను ఏ పిల్లనోటా వినలేదు.

"నాయిన ఉండె గదా. చెప్తే మిమ్మల్ని ఆడనే సంపుతుండె. మీకోసం ఆగలేదు సార్. నాయిన జైలుకు పోతే మా అమ్మ నన్నెట్ల సాదుతది? పోలీసులడిగితే గూడ ఎవలో కనబడలేదన్న. మీరే చెప్తరేమోనని ఎదురు చూసిన. మొన్న ప్రోగ్రాం తప్పు చెప్పి టీ తాగి పోయిండ్రు."

ఆమె గొంతు పెంచలేదు. కట్టు లేని కన్ను ఒక్కసారి కూడా నా మీదినుంచి పక్కకు తిప్పలేదు. డస్టర్ తగల్లేదనుకుని సంతోషించినవాణ్ణి నేను. ఆ కుర్చీ ముందు నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"సాంబమూర్తి సార్‌కు అన్నం ఆంటీ తినిపిస్తున్నదంట. మృదులక్క చెప్పింది. నాకు ఒక్కటే చెప్పుండ్రి సార్. నన్ను చూసి గూడ ఎందుకిసిరిండ్రు?"

నేను చెప్పులు వెతుక్కున్నాను. ఇంక పోండ్రి, అమ్మ ఒస్తది అంది.

గల్లీలోంచి నడిచి రూమ్‌కు వచ్చి రెండు గంటలైంది. ఆమెకు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. రాశాక ఈ పుస్తకం పట్టుకుని ముందు మట్టయ్యన్న దుకాణానికి వెళ్తాను. ఆ పదిహేను మంది ముందే చదువుతాను. అక్కడ కొడతారు. ప్రాణంతో వదిలితే అటునుంచి స్టేషన్‌కు వెళ్తాను. సీతారాములు మిర్యాలగూడ నుంచి వచ్చేసరికి నేను లోపల ఉండాలి. ఆయన చేతికి నేను దొరకకూడదు, నా కోసం కాదు.

అందరికీ మెసేజ్ పంపమని సాంబమూర్తి నాకు రెండుసార్లు చెప్పాడు. పోనివి నలభై ఒకటి అని నేను చూశాను, చూసి ఆపేశాను. లిస్టు ఆయనదని నేను చెప్పబట్టే ఆయన్ని కొట్టారు. కొడుతుంటే గల్లా పట్టుకుని కదలకుండా నిలబెట్టింది నేను.

22వ తేదీన నా రాయి బోర్డుకు తగల్లేదు. బోర్డు మీదికి విసరనేలేదు. అద్దం జరగడం చూశాను. లోపల మనిషి ఉన్నట్టు చూశాను, చెయ్యి ఊపడం చూశాను. జరిపిన అద్దం మీద ఎండ మెరిసి ముఖం కనబడలేదు. సాంబమూర్తి అనుకుని, గురి చూసి కొట్టాను.